మ్యూజియంలో పిల్లల పెత్తనం

పుస్తకం వస్తే విమర్శిస్తాం. నాటకం ఆడితే విమర్శిస్తాం. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. కాని ఒక చిత్రశాల వాళ్లు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల మధ్య పిల్లల్ని లోపలికి పిలిచి, వాళ్లకేం చూపిస్తున్నారు, వాళ్ల చేత ఏం చేయిస్తున్నారు, ఎలా నడిపిస్తున్నారు అన్నదాన్ని మాత్రం ఎవరూ విమర్శకు పెట్టరు. ‘పిల్లల కార్యక్రమం’ అనగానే చప్పట్లు కొడతాం, సర్టిఫికెట్లు పంచుతాం, గ్రూపు ఫోటో దిగి ఇంటికి పోతాం. పిల్లల పేరు మీద జరిగేదానికి మంచీ చెడూ చూడడం బాగుండదని మన మర్యాద.

ఆ మర్యాద వల్ల నష్టపోయేది పిల్లలే. ఇలాంటి కార్యక్రమానికి కూడా ఒక కర్త ఉంటాడు, ఒక ఉద్దేశం ఉంటుంది, ఒక నిర్మాణం ఉంటుంది. కథను ఎలా చదువుతామో దీన్నీ అలా చదవచ్చు. నేను కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. బొమ్మల శాస్త్రం నాకు రాదు. కాని ఎవరి సొమ్ము, ఎవరి చేతిలో, ఎంతకాలం, ఏ నమ్మకం మీద ఉంది అని అడగడం ముప్పయ్యేళ్ల ఉద్యోగం నేర్పింది. మ్యూజియంలో పిల్లల గురించి అడగవలసిందీ ఈ ప్రశ్నే అని నా అభిప్రాయం.

మనకు అలవాటైన పద్ధతి అందరికీ తెలుసు. రెండు బస్సుల్లో పిల్లలొస్తారు. జంటలు జంటలుగా నిలబెడతారు. ముట్టుకోవద్దు, మాట్లాడవద్దు, ముందుకు నడవండి — ఈ మూడు ముక్కలతో గంటన్నర గడిచిపోతుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లొచ్చిన పిల్లవాణ్ణి ఏం చూశావురా అని అడిగితే, గంట కొట్టే గడియారం, ముసుగు వేసుకున్న రెబెక్కా అంటాడు. అవి చూడదగ్గవే. గంటగంటకీ ఆ చిన్నబొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడడానికి పెద్దవాళ్లు కూడా కాచుకుని కూర్చుంటారు. అయితే పిల్లవాడు అక్కడ చేసిందేమిటి? కూర్చున్నాడు, చూశాడు, లేచాడు. అతను రాకపోయినా ఆ బొమ్మ గంట కొట్టేది. అతను వచ్చినందువల్ల మ్యూజియంలో ఏ మార్పూ లేదు. చాలా పర్యటనలకున్న లోపం ఇదే.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో విద్యావిభాగాన్ని 1937 నుంచి 1969లో రిటైరయ్యేదాకా నడిపిన విక్టర్ డామికో. ఆ మ్యూజియం పుట్టింది 1929లో. అంటే దానికి ఎనిమిదేళ్లు నిండేసరికే, హైస్కూలు పిల్లల కోసం లోపల ఒక గది వేరుగా పెట్టించాడు. ‘యంగ్ పీపుల్స్ గ్యాలరీ’ అని దాని పేరు. అందులో పిల్లలకు తగిన బొమ్మలు పెద్దలు ఏరి తగిలించి ఉంటే అది పెద్ద విశేషం కాకపోయేది. విద్యార్థులతోనే న్యాయనిర్ణేతల సంఘాలు వేసి, ఏ బొమ్మ గోడకెక్కాలో ఏది ఎక్కకూడదో వాళ్లనే తేల్చమన్నాడు. అప్పటికి ఆధునిక చిత్రకళ అంటే అమెరికాలో పెద్దవాళ్లకే సగం అర్థమై సగం అర్థం కాని వ్యవహారం. అలాంటి చోట పదహారేళ్లవాళ్ల తీర్పుకి చెల్లుబాటు ఇచ్చాడు.

బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది హామీ లేకుండా ఇచ్చిన అప్పు. అవతలివాడికి ఆస్తి లేదు, అనుభవం లేదు, పూర్వపు ఖాతా లేదు. అయినా ఇచ్చాడు. పిల్లలకు ‘నేర్పడం’ వేరు, పిల్లల మీద ‘బాధ్యత పెట్టడం’ వేరు. మొదటిది ప్రతి బడీ చేస్తుంది. రెండోది చేసినవాళ్లు అప్పటికి అరుదు, ఇప్పటికీ అరుదే.

డామికోకి ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం ఇది కాదు, చిన్నపిల్లల కోసం 1942లో మొదలుపెట్టిన ఉత్సవం. తరవాత దానికి ‘చిల్డ్రన్స్ ఆర్ట్ కార్నివాల్’ అన్న పేరు స్థిరపడింది. నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ప్రవేశం. వాకిలే తమాషాగా ఉంటుంది: నాలుగేళ్ల పిల్లల ఆకారం, పన్నెండేళ్ల పిల్లల ఆకారం కత్తిరించినట్టుండే ద్వారం. ఆ కొలతలో పట్టే మనిషికే లోపలికి దారి. మొదటి భాగంలో వెలుతురు తక్కువ, రంగుల వెలుగులో ప్రత్యేకంగా తయారుచేసిన ఆటబొమ్మలు. పిల్లలు వాటిని తిప్పి, కదిపి, రంగూ ఆకారమూ కదలికా అంటే ఏమిటో చేతుల్తో తెలుసుకోవాలి. రెండో భాగం మంచి వెలుతురున్న పనిశాల. అక్కడ రంగులు, కాగితాలు, గుడ్డపీలికలు, జిగురు. ఎవరికి తోచింది వాళ్లు చేసుకోవచ్చు. ఇది చెయ్యి అనేవాళ్లు లేరు, ఇలా చెయ్యి అనేవాళ్లు లేరు. తల్లిదండ్రులకు ప్రవేశం లేదు.

డామికో మరి రెండింటికి బద్ధవిరోధి. ఒకటి, పిల్లల బొమ్మలకు పోటీలు పెట్టి బహుమతులివ్వడం. రెండు, గీతలు ముందే గీసి రంగులు నింపమనే పుస్తకాలు. ఈ రెండూ మన స్కూళ్లలో నేటికీ ఎంత వైభవంగా వెలుగుతున్నాయో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఆగస్టు పదిహేను వస్తే చాలు, ఒక జెండా, ఒక పావురం, ఒక గాంధీగారు, మూడు బహుమతులు. బహుమతి రాని నలభైమంది పిల్లలు ఆ రోజుతో బొమ్మకు నమస్కారం పెట్టేస్తారు.

ఈ కార్నివాల్ 1957లో మిలాను, బార్సిలోనా నగరాలకూ, 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనకూ వెళ్లింది. 1963లో మన దేశానికి కూడా వచ్చింది. ఢిల్లీలోని జాతీయ బాలల మ్యూజియానికి కానుకగా వచ్చి, ఆ తరవాత మరికొన్ని నగరాలు తిరిగింది. డామికో స్వయంగా వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాడు. 1969లో దాని ఒక శాఖ న్యూయార్కులోనే, నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో, బెటీ బ్లేటన్ టేలర్ అనే చిత్రకారిణి ఆధ్వర్యంలో వెలిసింది.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక లోపాల సంగతి.

మొదటిది: చేయడం మీద ఇంత శ్రద్ధ పెట్టిన డామికో, చూడడం మీద అంత పెట్టలేదని నాకు తోస్తుంది. పిల్లలు రంగులు కలిపారు, జిగురు రాశారు, సంతోషపడ్డారు. బాగానే ఉంది. కాని మ్యూజియం అన్నది ముందుతరాలవాళ్లు చేసిపెట్టిన వస్తువులున్న చోటు. అక్కడున్నదాన్ని నిలబడి అరగంట చూడడం అన్నది చేతికి రంగు పూసుకోవడం కన్నా కష్టమైన పని. చూడడం నేర్పని పనిశాల ఊళ్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, దానికి మ్యూజియమే అక్కర్లేదు. 1937నాటి ఆ చిన్న గది, నా దృష్టిలో, 1942నాటి ఉత్సవం కన్నా గొప్పది. ఒక బొమ్మను గోడకెక్కించాలా వద్దా అని వాదించుకోవాలంటే ముందు దాన్ని చూడాలి గదా! లోకం ఉత్సవాన్ని గుర్తుపెట్టుకుంది, గదిని మరిచింది. ఉత్సవానికి ఫోటోలు బాగా వస్తాయి కాబోలు.

రెండోది: ‘ఎవరూ ఏమీ చెప్పరు’ అన్నమాట పూర్తిగా నిజం కాదు. గదిలో పెద్దమనిషి నోరు మూసుకున్నా, ఆటబొమ్మలు ఎంచింది పెద్దమనిషే. వెలుతురు ఎంతుండాలో చెప్పింది ఆయనే. ఆ బొమ్మలన్నీ ఆధునిక చిత్రకళ అభిరుచిలో తయారైనవే. అలా తయారైన గదిలోంచి వచ్చిన పిల్లల బొమ్మలు కూడా ఆధునికంగా ఉంటే ఆశ్చర్యమేముంది? దడి లోపల స్వేచ్ఛ స్వేచ్ఛే. కాని దడి ఉందని ఒప్పుకోవాలి.

మూడోది మనకు బాగా తగిలేది. తల్లిదండ్రులు బయటే ఉండాలన్న నియమం. ఆ నియమం ఎందుకు పెట్టాడో తెలుస్తూనే ఉంది. ‘ఆవుకు నీలం రంగేమిట్రా’ అనే తల్లి పక్కనుంటే పిల్లవాడి చెయ్యి ఆగిపోతుంది. ఆ కాలానికీ ఆ దేశానికీ అది సరైన మందే కావచ్చు. కాని 1963లో ఆ ద్వారం మన దేశానికి వచ్చినప్పుడు పరిస్థితి వేరు. మన ఆడపిల్ల ముగ్గు నేర్చుకునేది తల్లి పక్కన కూర్చునే. బొమ్మలకొలువు పెట్టడం అవ్వ చెబుతుంటే నేర్చుకుంటుంది. తోలుబొమ్మలాడించే కుటుంబంలో పిల్లవాడు తండ్రి వెనక తెరచాటున కూర్చుని నేరుస్తాడు. మన దగ్గర చెయ్యి ఒక చేతి నుంచి వస్తుంది. దాంతోపాటు మాట కూడా వస్తుంది. పెద్దవాళ్లను వాకిట్లో ఆపేస్తే ఆ మాట కూడా వాకిట్లోనే ఆగిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. హోసూరులోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో, పర్లాకిమిడిలోనో ఉన్న మనకు కాదు. మనలో చాలామంది పిల్లలకు తెలుగు బడి నుంచి రావడం లేదు, అవ్వ నుంచి వస్తోంది. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం, దాని మీద అల్పసంఖ్యాక భాషలవారు కోర్టుల దాకా వెళ్లడం పాఠకులు ఎరిగినదే. బడి తలుపు సగం మూసుకున్న చోట అవ్వను కూడా బయట నిలబెట్టే పద్ధతి మనకు పనికిరాదు.

డామికో తరవాత, 1990ల నుంచి అమెరికా మ్యూజియాల్లో మరో రకం కార్యక్రమాలు బలపడ్డాయి. ఇవి ప్రత్యేకంగా హైస్కూలు వయసువాళ్లకి. మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్, న్యూయార్కులోని విట్నీ మ్యూజియం, లాస్ ఏంజెలిస్‌లోని సమకాలీన కళా మ్యూజియం, హ్యూస్టన్‌లోని సమకాలీన కళల మ్యూజియం — ఈ నాలుగూ వీటికి పేరుపొందాయి. పద్ధతి ఏమిటంటే, కొద్దిమంది పిల్లల్ని ఏరి ఒక మండలిగా కూర్చుతారు. వాళ్లు ఏడాది పొడుగునా కలుస్తారు, చిత్రకారులతో మాట్లాడతారు, తమ వయసువారి కోసం కార్యక్రమాలు తామే ఆలోచించి తామే నడుపుతారు. కొన్ని మ్యూజియాల్లో ఇలాంటి పనికి పిల్లలకు డబ్బు కూడా ఇస్తారు. అది నాకు చాలా నచ్చిన విషయం. ఇచ్చే మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు. నీ పనికి వెల ఉంది అని పదహారేళ్లవాడికి లెక్కలో రాసి చూపించడం చిన్న గౌరవం కాదు.

ఈ నాలుగు మ్యూజియాలూ కలిసి, తమ దగ్గర పెరిగిన పాత పిల్లల్ని ఏళ్ల తరవాత పలకరించి, వాళ్ల జీవితాల్లో ఏం మిగిలిందో ఒక పరిశీలన చేయించాయి. 2015లో అది ‘రూమ్ టు రైజ్’ పేరుతో వెలువడింది. ఆత్మవిశ్వాసం పెరిగిందనీ, మ్యూజియాలంటే జంకు పోయిందనీ, చుట్టూ ఉన్న సమాజంలో కలగజేసుకునే అలవాటు వచ్చిందనీ అందులో తేలింది. నమ్మదగ్గ మాటలే. కాని మా వృత్తిలో, అప్పు కావలసిన ఖాతాదారు తానే తెచ్చిచ్చిన లెక్కను ఒకటికి రెండుసార్లు చూస్తాం. అబద్ధమని కాదు, అందులో రాయనిదేమిటో చూడాలని. ఇక్కడ రాయనిది ఏమిటంటే, ఆ మండలికి దరఖాస్తు పెట్టుకుని ఎంపికై, ఏడాదంతా నిలబడిన పిల్లలు ముందే కొంచెం గట్టివాళ్లు అయివుంటారు. మ్యూజియం వాళ్లను పెంచిందా, పెరిగేవాళ్లను మ్యూజియం ఏరుకుందా అన్నది తేలడం కష్టం. పైగా మండలిలో పట్టేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగిలిన ఊరంతా పాత పద్ధతిలోనే, జంటలు జంటలుగా.

ఇంకొక అనుమానం కూడా ఉంది. ఆ పిల్లల మాట ఎక్కడిదాకా చెల్లుతుంది? తమ ఈడువారికి ఒక సాయంత్రం పాటా ఆటా ఏర్పాటు చేసుకోమనడం ఒకటి. అసలు హాల్లో, అసలు గోడ మీద, ఏం ఉండాలో చెప్పనివ్వడం మరొకటి. మొదటిదానితో సరిపెట్టే చోట పెత్తనం ఇచ్చినట్టే ఉంటుంది, తాళంచెవి మాత్రం ఆఫీసులోనే ఉంటుంది.

ఈ కొలతతో చూస్తే మన దేశంలో ముంబయివాళ్లు చేసిన పని చెప్పుకోదగ్గది. ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం — ఒకప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం — ఆవరణలో 2019లో బాలల మ్యూజియం తెరిచారు. దాని ప్రదర్శన కోసం పిల్లల్నే క్యూరేటర్లుగా పెట్టారు. పెద్ద మ్యూజియం సేకరణలోంచి ఏ వస్తువులు బయటికి రావాలో ఎంచడంలో వాళ్ల చెయ్యి ఉంది. 1937నాటి న్యూయార్కు గదిలోని ఆలోచన ఎనభైరెండేళ్లకు అరేబియా సముద్రం ఒడ్డున మళ్లీ కనిపించింది. 2015 నుంచి వాళ్ల మ్యూజియం బస్సు కూడా తిరుగుతోంది. రాలేని పిల్లల దగ్గరికి వస్తువులే వెళ్తాయి.

ముంబయి పాఠకులు గమనించాలి. ఆ మ్యూజియానికి కొద్ది మైళ్ల దూరంలోనే కామాటిపుర ఉంది. నిజాం రాజ్యం నుంచి వలసవచ్చి ఆ నగరాన్ని కట్టిన కూలీల మీదుగా, కామాటీల మీదుగా వచ్చిన పేరది. వాళ్లు తెలుగువాళ్లు. మిల్లుల్లో మగ్గాల దగ్గర బతికిన మన పద్మశాలి కుటుంబాలు కూడా ఆ నగరంలోనే ఉన్నాయి. ఆ ఇళ్లలోని పదిహేనేళ్ల పిల్ల ఒకతె ఆ క్యూరేటర్ల బల్ల దగ్గర కూర్చుంటే ఏ వస్తువు తీయమంటుంది? బంగారు నగ తీయమంటుందా, నేత గుడ్డ తీయమంటుందా? నాకు తెలియదు. తెలియకపోవడమే దానిలోని విలువ. జవాబు ముందే తెలిసిన చోట పిల్లల్ని అడగడం నాటకం.

మ్యూజియం లేకుండానే ఈ పని చేసిన మనిషి మన చరిత్రలో ఒకడున్నాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతిలో పడ్డ పిల్లలు. రామారావుని బొంబాయి జె.జె. స్కూల్‌కు చేర్పించడంలో ఆయన చెయ్యే ఉంది. రామారావు 1925లో, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే, మశూచికంతో పోయాడు. కాని ఆలోపలే రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. ఆయన పోయాక మిత్రుడు వరద వెంకటరత్నం దాన్ని నిలబెట్టాడు. ఇప్పుడక్కడ రామారావు పేరిట చిత్రశాల ఉంది. వరస గమనించండి. ముందు ఒక పెద్దమనిషి ఒక కుర్రవాణ్ణి నమ్మాడు. ఆ కుర్రవాడు బడి పెట్టాడు. మ్యూజియం చివర వచ్చింది. మనం భవనంతో మొదలుపెట్టి కుర్రవాడికోసం చివర వెతుకుతాం.

ఇక మన గుమ్మం దగ్గరికి వద్దాం. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో పుట్టింది. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం అక్కడుంది. 1797లో మెకంజీ దొర ఆ దిబ్బను చూడడం, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు చేర్చడం, వాటిలో కొన్ని 1859లో ఓడెక్కి లండన్ పోవడం, 1880 ప్రాంతాల్లో సూయెల్, బర్జెస్ తవ్వకాలతో మరికొన్ని మద్రాసుకు రావడం పెద్ద కథ. శివరామమూర్తిగారు 1942లో ఆ మ్యూజియం శిల్పాల మీద రాసిన ఇంగ్లీషు గ్రంథం ఇవాళ్టికీ ప్రమాణం.

ఆ శిల్పాల్లో ఒక గుండ్రటి ఫలకం ఉంది. నలగిరి అన్న మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం. ఒకే చట్రంలో రెండు క్షణాలు. ఒకపక్క ఏనుగు వీధిలో పడి మనిషిని తొండంతో ఎత్తి విసురుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. భయంతో ఒకరినొకరు పట్టుకున్నవాళ్లున్నారు. కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లున్నారు. మరోపక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. రాయి కదలదు, కథ కదులుతుంది.

దీని ముందు పదిమంది పదిహేనేళ్ల పిల్లల్ని అరగంట నిలబెట్టండి. ఉపన్యాసం వద్దు. రెండే ప్రశ్నలు. ఏనుగు ఎన్ని? ఒకటా, రెండా? ఇక్కడే సగంమంది పోట్లాడుకుంటారు. రెండు కనిపిస్తున్నాయి కాబట్టి రెండంటారు కొందరు. ఒకటే రెండుసార్లంటారు కొందరు. ఎందుకంటావు అని అడగండి. కిటికీలో ఆడవాళ్లు ఏ ఏనుగును చూస్తున్నారో చెప్పమనండి. అప్పుడు వాళ్లకు మాటలు కావలసివస్తాయి. తోరణం, తొండం, కిటికీ, గడప. ‘ముందు’, ‘తరవాత’, ‘అయినా’, ‘అందుకని’, ‘ఒకవేళ’.

నా ఆదుర్దా అంతా ఈ చివరి మాటల గురించి. మన పిల్లలకు తెలుగు బొత్తిగా రాదనడం అన్యాయం. అన్నం తిన్నావా, ఎప్పుడొస్తావు, తలుపెయ్యి — ఇవన్నీ వచ్చు. పదేళ్ల వయసుకి ఆ తెలుగు సరిపోతుంది. పదిహేనో ఏట మనిషికి వాదన మొదలవుతుంది, అభిప్రాయం మొదలవుతుంది. అవి మొదలయ్యే నాటికి తెలుగు వంటింట్లో ఆగిపోయి ఉంటుంది. వాదన అంతా ఇంగ్లీషులోనో, ఉన్న ఊరి భాషలోనో సాగుతుంది. ఆ భాషలు వచ్చినందుకు సంతోషమే. కాని ఒక భాషలో పోట్లాడడం రాని మనిషి ఆ భాషను తన పిల్లలకివ్వడు. ఇక్కడ తెగేది అవ్వకీ మనవరాలికీ మధ్య సంభాషణ ఒక్కటే కాదు, ఆ తరవాతి తరం కూడా.

అంచేత మ్యూజియం బోర్డు ఏ భాషలో ఉందన్నది నాకు రెండో ప్రశ్న. చెన్నైలో తమిళం ముందుండడం న్యాయం. మొదటి ప్రశ్న, ఆ పలక ముందు నిలబడి తాను చూసినదాన్ని తెలుగులో ఒప్పించడానికి మన పిల్లకు ఒక్కసారైనా అవకాశం వచ్చిందా అన్నది. దానికి మ్యూజియంవారి అనుమతి అంటూ పెద్దగా అక్కర్లేదు. టికెట్టు కొనుక్కుని నిశ్శబ్దంగా పదిమంది నిలబడితే చాలు. అవ్వలు ఇద్దరు ముగ్గురు కూడా రావాలి. అయితే వాళ్లు పాఠం చెప్పకూడదు, అడిగితే మాట అందించాలి. డామికో నియమాన్ని అక్కడికి సవరించుకుంటే సరిపోతుంది. పెద్దలు బయట కాదు, వెనక.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అమరావతి అనగానే ‘ఇవి మనవి’ అన్న కేక పుడుతుంది మనలో. ఆ కేకతో పిల్లల్ని నడపడం మొదలుపెడితే మళ్లీ జంటల వరసే, చేతిలో జెండా అదనం. ఆ పలకల మీది శాసనాల లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. ఒక శాసనంలోని ‘నాగబు’ అన్న మాట తొలి తెలుగు మాట అని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూపించారు. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఆ వివాదాన్ని పిల్లల ముందు దాచకూడదు, వాళ్ల చేతికే ఇవ్వాలి. ఒక మాట ఎవరిదని తేల్చడం ఎంత కష్టమో వాళ్లకు తెలియాలి.

అదే శాసనాల్లో నాబోటి లెక్కలవాడికి ముచ్చటేసే విషయం ఒకటుంది. పలక ఎవరిచ్చారో, కొడుకులూ కూతుళ్లూ అన్నదమ్ములూ ఎవరెవరు కలిసి ఇచ్చారో వరసగా చెక్కించారు. మా జాయింటు ఖాతా ఫారంలాగే ఉంటుంది. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణకుంభాన్ని గొప్పగా చెప్పుకునే మనం, అలాంటి కుంభాన్ని చెక్కించి ఇచ్చినవారిలో ఒక చెప్పులు కుట్టే మనిషి ఉన్నాడని పిల్లలకు చెబుతున్నామా? చెబితే ఏమంటారు? మన పెద్దలు మాట్లాడని విషయాలు వాళ్లు ఎత్తవచ్చు. మన ఇళ్ల గురించి, మన సంఘాల గురించి ఇబ్బందికరమైన ప్రశ్నలు వేయవచ్చు. వేయనివ్వడమే పెత్తనం ఇవ్వడం.

కాబట్టి ఇలాంటి కార్యక్రమం ఎక్కడ జరిగినా, న్యూయార్కులోనైనా, ముంబయిలోనైనా, మన సంఘం ఆఫీసు పైగదిలోనైనా, దాన్ని తూచడానికి మూడు ప్రశ్నలు చాలునని నాకనిపిస్తుంది. పిల్లలు వచ్చినందువల్ల అక్కడ ఏదైనా మారిందా? వాళ్లు తప్పు తీర్పు చెప్పినా దాన్ని గోడ మీద ఉండనిచ్చారా? ఇంటికి వెళ్లాక దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికి వాళ్ల దగ్గర మాటలున్నాయా? ఎంతమంది వచ్చారన్నది నాలుగో ప్రశ్న కూడా కాదు. తలకాయల లెక్క రిజిస్టరుకు పనికొస్తుంది, పిల్లలకు కాదు.

డామికో గదిలో మొదటి రెండింటికీ జవాబు ఉంది. మూడోది ఆయనకు అవసరం లేకపోయింది, ఎందుకంటే ఆ పిల్లల భాష వీధి నిండా ఉంది. మన పిల్లల భాష వీధిలో లేదు. ఆ మూడో ప్రశ్నకు జవాబు మనమే తయారుచేసుకోవాలి. ‘నాకిది నచ్చలేదు’ అని ఒక పదిహేనేళ్ల పిల్ల నలగిరి ముందు నిలబడి తెలుగులో అని, ఎందుకు నచ్చలేదో పది వాక్యాల్లో చెప్పి, పక్కనున్న కుర్రవాడు కాదంటే మళ్లీ జవాబిస్తే — ఆమె అభిప్రాయం మనకు నచ్చినా నచ్చకపోయినా, ఆ కార్యక్రమం బాగా జరిగినట్టే.